‘హెస్టర్ స్ట్రీట్’: ప్రశంసలో మరుగుపడిన హాస్యం

జోన్ మిక్లిన్ సిల్వర్ దర్శకత్వంలో 1975లో వెలువడిన ‘హెస్టర్ స్ట్రీట్’ను విమర్శకులు, చరిత్రకారులు ప్రధానంగా యూదు వలసజీవితానికి నమ్మదగిన చిత్రణగా గౌరవించారు. ఆ గౌరవం ఉచితమే. అయితే ఈ చిత్రం నవ్విస్తుందన్న సంగతి, ఆ నవ్వు చివరికి ఎవరివైపు మళ్లుతుందన్న ప్రశ్న ఆ ప్రశంస చాటున ఉండిపోయాయి.

చిత్రానికి మూలం అబ్రహాం కాహన్ 1896లో ఆంగ్లంలో ప్రచురించిన ‘యెకెల్’ నవలిక. న్యూయార్క్‌లో కుట్టుపని చేసే యెకెల్ తన పేరును జేక్‌గా మార్చుకొని, తాను అమెరికన్‌నయ్యానని మురిసిపోతుంటాడు. రష్యా నుంచి వచ్చిన భార్య గిటెల్‌ను, ఆమె తలపై సంప్రదాయపు విగ్గును చూసి సిగ్గుపడతాడు. నవలికను స్టీఫెన్ క్రేన్ రచనతో కలిపి సమీక్షించి వెలుగులోకి తెచ్చినవాడు వాస్తవికతావాది విలియం డీన్ హోవెల్స్. అంటే ఈ కథను జీవితపత్రంగా చదివే అలవాటు చిత్రం కంటే దాదాపు 80 ఏళ్లు పెద్దది.

భాష విషయంలో కాహన్ పద్ధతి గమనించదగినది. పాత్రల యిడ్డిష్ సంభాషణను ఆయన ఆంగ్లంలోకి మార్చి, అందులో కలిసిపోయిన ఆంగ్లపదాలను మాత్రం వాలు అక్షరాలలో చూపాడు. ఆంగ్లపాఠకుడికి తన భాషే పరాయిగా కనిపించే వింత ఇది. సిల్వర్ యిడ్డిష్‌ను తిరిగి పాత్రల నోటికి అందించి, ఉపశీర్షికలు చేర్చారు. నలుపు-తెలుపులో తీసిన ఇటువంటి చిత్రం యూదు ప్రేక్షకులను దాటిపోదని స్టూడియోలు వెనుదీశాయి. మహిళా దర్శకులు తమకు అదనపు సమస్య అన్న మాట కూడా ఆమెకు ఎదురైంది. స్థిరాస్తి వ్యాపారి అయిన భర్త రాఫెల్ సిల్వర్ సుమారు 3,70,000 డాలర్లు సమకూర్చి, పంపిణీ భారాన్నీ మోశారు. కాన్ ఉత్సవంలోని విమర్శకుల వారంలో ప్రదర్శన పొందిన ఈ చిత్రం దాదాపు 50 లక్షల డాలర్లు వసూలు చేసింది. గిటెల్ పాత్రధారిణి కెరోల్ కేన్ ఉత్తమ నటి ఆస్కార్‌కు నామినేట్ అయ్యారు.

కేన్ నటనలోని అమాయకత్వాన్ని మెచ్చుకోవడం సులువు. కానీ విడాకుల బేరం జరిగే సన్నివేశంలో ఆ అమాయకత్వమే పనిముట్టు. జేక్‌ను పెళ్లాడదలచిన మేమీ తరఫున న్యాయవాది వచ్చి సొమ్ము ఇవ్వజూపుతాడు. గిటెల్ పెదవి విప్పదు. ఆమె మౌనాన్ని నిరాకరణగా భావించి అతడు మొత్తాన్ని పెంచుతూ పోగా, బేరం 300 డాలర్లకు చేరుతుంది. ఆమె నిజంగా తడబడిందా, లెక్క వేసుకుందా? చిత్రం చెప్పదు. ఆ చెప్పకపోవడంలోనే హాస్యముంది.

2011లో అమెరికా జాతీయ చలనచిత్ర పట్టికలో చేర్చిన సందర్భంలోనూ ప్రస్తావనకు వచ్చినది వివరాల కచ్చితత్వం, వలసదారుల సంఘర్షణ. విమర్శ ఇంకా హోవెల్స్ దారినే నడుస్తోందనిపిస్తుంది. దర్శకురాలు మాత్రం ఆ దారి తప్పారు. పేరులోనే ప్రాధాన్యం మారింది: నవలిక కథానాయకుడి పేరు మోస్తే, చిత్రం వీధి పేరు మోసింది. కాహన్ తన కథను ట్రాముబండిలో కూర్చున్న జేక్ మనోవ్యాకులతతో ముగిస్తాడు. చిత్రంలో మేమీ కూడబెట్టినదంతా గిటెల్‌కు చేరిపోయింది. పెళ్లికి బయలుదేరిన జేక్, మేమీ బండి ఛార్జీ మిగుల్చుకోవడానికి నడిచి వెళతారు.