తెర పేరు వెనక ఊరు

‘మైఖేల్ మదన కామరాజు’లో చేతివాటం చూపించే బామ్మను మరిచిపోయినవారు తక్కువ. ఆవిడ ఎస్.ఎన్. లక్ష్మి. ‘ఎస్’ అంటే విరుదునగర్ దగ్గరి సెన్నెల్‌కుడి, ‘ఎన్’ అంటే తండ్రి నారాయణ తేవర్. నాటకాల నుంచి సినిమాకొచ్చిన ఆమె 2012లో కన్నుమూసేదాకా ఆ రెండక్షరాలనూ వదల్లేదు.

తమిళుల పేరు ముందు ఊరు, తండ్రి పేర్ల పొడి అక్షరాలుంటే, మనకు ఇంటిపేరు ఉంటుంది. కోవిల్‌పట్టి, విరుదునగర్ పల్లెల్లో ఇంట్లో తెలుగు మాట్లాడే నాయుళ్లు, రెడ్లు ఇంటిపేరును పెళ్లి సంబంధాల వేళ తలుస్తారు. బడి రికార్డులో మాత్రం తమిళ పద్ధతే.

తొలి టాకీల తారలకూ ఇదే వరస. తమిళం, తెలుగు కలిసిన ‘కాళిదాస్’ (1931) కథానాయిక టి.పి. రాజలక్ష్మి పేరులో తిరువైయారు, తండ్రి పంచాపకేశన్ ఉన్నారు. మరుసటి ఏడు వచ్చిన ‘భక్త ప్రహ్లాద’లో లీలావతి వేషం కట్టిన కమలాబాయికి, కడప జిల్లా పల్లె పేరుతో పుట్టిన నాటక సమాజం పేరే ఇంటిపేరైంది: సురభి. పి. భానుమతిలోని ‘పి’ పాలువాయి.

తరవాత పేరు పెట్టే పని సినిమావాళ్ల చేతికి వచ్చింది. శంకరమంచి జానకి ‘షావుకారు’ (1950)తో షావుకారు జానకి అయింది. తమిళ తెరకు వెళ్లినా ఆ సినిమా పేరు వెంటే నడిచింది. తెనాలి సరస్వతీదేవి శారదగా, నెల్లూరు రత్నకుమారి వాణిశ్రీగా మారారు. అప్పటికే ఒక సుజాత ఉండడంతో మరో సుజాత జయసుధ అయింది. భారతీరాజా తన నాయికలకు ‘ర’తో మొదలయ్యే పేర్లు పెట్టేవారు: రాధ, రేవతి, రేఖ. ఇద్దరు విజయలక్ష్ములైతే ఊళ్లతో పాటు పేర్లనూ వెనకే వదిలారు. ఏలూరు వైపు అమ్మాయి ‘వండిచక్కరం’ (1980) పాత్రతో సిల్క్ స్మిత అయింది; విజయవాడ అమ్మాయి ‘ఆ ఒక్కటీ అడక్కు’ పాత్రతో రంభ అయింది.

శివకాశి పక్కన మీనంపట్టి మూలాలున్న అయ్యప్పన్, తిరుపతి రాజేశ్వరిల బిడ్డ 1963లో పుట్టింది. నాలుగేళ్లకే తెరకెక్కిన ఆ పిల్ల టైటిల్ కార్డులో ‘బేబీ శ్రీదేవి’. ‘పదహారేళ్ళ వయసు’ (1978) నాటికి ‘బేబీ’ పోయింది, ‘శ్రీదేవి’ ఒక్కటే చాలింది. ఊరి పేరు ఏ పోస్టరు మీదికీ రాలేదు.

కోవిల్‌పట్టికి మాత్రం ఒక విచిత్రం జరిగింది. 2003లో ‘కోవిల్‌పట్టి వీరలక్ష్మి’ వచ్చింది. ఊరి పేరు పాత్రకు దక్కింది. పాత్ర పోషించిన సిమ్రాన్‌ది ముంబై, అసలు పేరు రిషిబాల.

ఇంటిపేరును వదలకుండానే తారలైనవారు వేరే దేశాల్లో ఉన్నారు. స్లొవాకియాలో ఆడవారి ఇంటిపేరు చివర ‘ఓవా’ చేరుతుంది. ‘మర్కెటా లజరోవా’ (1967) సినిమా కథానాయిక మగ్దా వాషారియోవా ఆ ఇంటిపేరుతోనే తారైంది, అదే పేరుతో రాయబారిగానూ పనిచేసింది. మన దగ్గర అంత వెసులుబాటు కొద్దిమందికే దక్కింది.

తారల జీవిత చరిత్రలు రాసేవారు తెర పేరుతో సరిపెట్టకూడదు. అసలు పేరు, పుట్టిన ఊరు, పేరు మార్చినవారెవరు: ఈ మూడూ రాయాలి. ఆ వివరాలు చెప్పగల పెద్దలు ఇంకా ఉన్నప్పుడే అడిగి రాసుకోవాలి.