గృహాచారం – మాతృప్రమాణం : నెల్లూరు తీరపు ఇళ్ల చరిత్ర

ఆపస్తంబ మహర్షి తన గృహ్యసూత్రాలలో వివాహప్రకరణం ఆరంభించిన కొద్దిలోనే ఒక చిన్న సూత్రం చెప్పి ముందుకు సాగినాడు. ఆచారప్రాప్తమైన క్రియలను స్త్రీల వద్దనుండి తెలుసుకొనవలెనని దాని తాత్పర్యం. ధర్మసూత్రాల చివర ఆ మాటనే మరింత విశాలం చేసినాడు. స్త్రీలయందు, శూద్రులయందు నిలిచియున్న విద్యయే విద్యకు పరిసమాప్తి అన్నాడు. తాను చెప్పక మిగిల్చిన ధర్మాలను స్త్రీల నుండి, సర్వవర్ణాలవారి నుండి గ్రహించవలెనని కొందరి మతమని చెప్పి గ్రంథాన్ని ముగించినాడు. ఆంధ్రదేశంలో కృష్ణయజుశ్శాఖాధ్యాయులలో అధికసంఖ్యాకులు ఆపస్తంబసూత్రులే. ప్రవర చెప్పుకొన్న ప్రతిసారీ ఆ మహర్షి నామాన్ని ఉచ్చరించేవారు ఈ సూత్రాలను మాత్రం అంతగా తలచరు.

ధర్మసూత్రాలకు 'ఉజ్జ్వల' అనే వ్యాఖ్య రచించిన హరదత్తుడు మాత్రం తలచినాడు. సూత్రకారుడు మిగిల్చిన ఆ ధర్మాలు ఎటువంటివో చూపడానికి ఆయన ద్రవిడదేశాచారాలను ఉదాహరించినాడు. సూర్యుడు మేషరాశిలో సంచరించే కాలంలో కన్యకలు నానావర్ణ చూర్ణాలతో నేలపై సపరివారుడైన ఆదిత్యుని లిఖించి ఉభయసంధ్యలలో పూజిస్తారని ఆయన వ్రాసినాడు. ఇంటి ముంగిట ఆడపిల్ల తీర్చే ముగ్గు ఒక ధర్మశాస్త్ర వ్యాఖ్యానంలోకి ప్రవేశించిన సందర్భమిది. వ్యాఖ్యాత దానిని వినోదమనలేదు, అలంకారమనలేదు. ధర్మమన్నాడు.

ఈ దృష్టితో నెల్లూరు సముద్రతీరపు ఇళ్ల చరిత్రను పరిశీలిస్తే, సూత్రకారుని మాట ఎంత అక్షరసత్యమో తెలుస్తుంది.

ఇల్లు కట్టడాన్ని గురించి శాస్త్రం మౌనంగా లేదు. ఆపస్తంబ గృహ్యసూత్రాలలోనే గృహనిర్మాణవిధి ఉన్నది. నైరృతి దిక్కుకు వాలుగా ఉన్న స్థలాన్ని చదును చేసి, పలాశ శాఖతోనో శమీ శాఖతోనో ఊడ్చి, జలభాండానికి స్థానం నిర్ణయించి, దర్భలు పరచి, వ్రీహియవాలు చల్లి, దానిపై భాండాన్ని నిలిపి నీరు పోయవలెనని ఆ విధి. (ఈశాన్యం పల్లంగా లేకపోతే ఇల్లు విడిచిపొమ్మని భయపెట్టే నేటి వాస్తుపండితులు నైరృతి వాలు చెప్పిన ఈ సూత్రాన్ని ఒకసారి చూడవలెను. స్వసూత్రం ఒకటి చెప్పగా అంగడిపుస్తకం మరొకటి చెబితే దేనిని పాటించవలెనో వారే తేల్చుకొనవలెను.) క్రీస్తుశకం 6వ శతాబ్దికి చెందిన వరాహమిహిరుడు బృహత్సంహితలో దేవగృహాన్ని ఈశాన్యాన, వంటశాలను ఆగ్నేయాన, గృహోపకరణాలను నైరృతిన, ధనధాన్యాలను వాయవ్యాన ఉంచుమన్నాడు. వైశ్వదేవానంతరం ఇంటిలో ఎక్కడెక్కడ బలి వేయవలెనో చెబుతూ ఆపస్తంబుడు శయ్యాస్థానాన కామునికి, గడప వద్ద అంతరిక్షానికి బలిని విధించినాడు. లోపలికీ వెలుపలికీ మధ్య ఉన్న సన్నని దారువు ఆయన దృష్టిలో ఆకాశదేవతకు స్థానం.

ఇంతవరకు శాస్త్రం చెప్పినది. గడప ఎంత ఎత్తుండవలెను, పసుపు పూసిన తరువాత కుంకుమబొట్లు ఎంత ఎడంగా పెట్టవలెను, దీపపు గూడు నిలుచున్న మనిషి కంటికి అందవలెనా కూర్చున్న మనిషికి అందవలెనా, గోడకు సున్నం ఎంతవరకు, జాజు ఎంతవరకు? ఇవేవీ సూత్రాలలో లేవు. ఇంటికి ఇంటితనం కలిగించేవి మాత్రం ఇవే. శాంతిపర్వంలోని కపోతోపాఖ్యానంలో భార్యను గానక విలపించే పావురం, గోడలను గృహమనరాదనీ గృహిణియే గృహమనీ అంటుంది. శాంతిపర్వాన్ని తెలుగు చేసిన తిక్కన సోమయాజి 13వ శతాబ్దిలో మనుమసిద్ధి కొలువున నెల్లూరిలో నివసించినవాడే. ఆ పావురపు మాట ఈ జిల్లా తీరానికి వర్తించినంతగా మరెక్కడా వర్తించదేమో.

ఎందుకంటే ఇక్కడ గోడలు నిలువవు. పెన్న సముద్రంలో కలిసే చోటునుండి ఉత్తరాన కావలి వైపు, దక్షిణాన పులికాటు సరస్సు వరకు నేల ఇసుక, ఉప్పుకయ్య, తాటివనం. మట్టిగోడ, తాటాకు కప్పు, వెదురువాసాలు, ఇవే ఇక్కడి సామాన్యుని గృహసామగ్రి. తీరాంధ్రమంతటా కనబడిన చుట్టిల్లు గాలికి ఎదురుగా మూల చూపని ఇల్లు. దాని కప్పు అంచు నేలకు చేరువగా దిగి ఉంటుంది, గాలి దానిపైనుండి జారిపోతుంది. లోనికి వెళ్లేవాడు తల వంచక తప్పదు. అయినా అదీ శాశ్వతం కాదు. తాటాకు కొన్నేళ్లకే మార్చవలసినది. పైగా తుఫానులు. 1927 నవంబరులో నెల్లూరు మీద విరుచుకుపడిన తుఫాను, 1984 నవంబరులో శ్రీహరికోట దగ్గర తీరం దాటిన తుఫాను, 1989 నవంబరులో కావలి వద్ద దాటినది, చివరకు 2004 డిసెంబరు 26న సునామీ. ఈ తీరంలో ఒక తరం వారు పుట్టిన ఇంట్లోనే పోవడం అరుదు. తూర్పుముఖం శుభమని దేశమంతా అంటుంది. ఇక్కడ తూర్పు అంటే సముద్రం, సుడిగాలి వచ్చే దిక్కు.

రాతి ఆలయం ఉన్న చోట శిల్పి తన విద్యను రాతిలో విడిచి వెళ్లవచ్చును. గోడయే మిగలని చోట గృహవిద్య ఎక్కడ మిగిలినది? తల్లుల చేతులలో. తుఫాను తరువాత కొత్త పాక వేసుకొన్నప్పుడు మగవాడు రాటలు పాతి కప్పు వేసినాడు. ఆ తరువాతి పని ఆమెది. నేల మెత్తి, పేడతో అలికి, పొయ్యి తీర్చి, గాలి తగలని గోడలో దీపానికి గూడు తొలిచి, గడప ఉన్నా లేకున్నా ద్వారం అడుగున పసుపు రాసి, ఎదుట ముగ్గు పెట్టినప్పుడు అది పాత ఇల్లే అయినది. స్థలం మారినది, మట్టి మారినది, ఇల్లు మారలేదు.

ఆ సామగ్రిలోనే ఒక సౌందర్యదృష్టి ఇమిడియున్నది. పులికాటు సరస్సులో దొరికే గుల్లలను కాల్చి చేసిన గుల్లసున్నం తెలుపు, గోడ అడుగున జాజుపట్టె ఎరుపు, గడపకు పసుపు. ఈ మూడు వర్ణాలతో పెరిగిన బిడ్డకు ఇల్లు అనగానే కంటికి తోచే రంగులు అవే. పల్లెలో పుట్టి పట్టణంలో మేడ కట్టిన కుమారుడు, ఎన్ని రంగులు చూపినా ముంగిట అరుగు అంచుకు ఎర్రపట్టె ఒకటి కావాలని పట్టుబడితే మేస్త్రీ నవ్వుకోవచ్చును. ఆ పట్టె ఎక్కడిదో కుమారునికే స్ఫురించదు.

విద్య ఎలా సంక్రమించినది? ఉపదేశం వల్ల కాదు. తైత్తిరీయ శిక్షావల్లిలో స్నాతకునికి చేసే అనుశాసనంలో తల్లికే ప్రథమస్థానం. బృహదారణ్యకంలో యాజ్ఞవల్క్యుడు జనకునితో సంభాషిస్తూ శిక్షితుడైనవానిని వర్ణించినప్పుడు తల్లి, తండ్రి, ఆచార్యుడు అనే క్రమమే పాటించినాడు. ఈ క్రమం గౌరవార్థం మాత్రమే కాదు, కాలక్రమం కూడా. అక్షరం రాకముందే పిల్ల తల్లి వెనుక ముగ్గుచిప్ప పట్టుకొని తిరుగుతుంది. మొదట చుక్కల నడుమ నింపడం, తరువాత అంచుగీత, చాలా కాలానికి గాని మొదటి చుక్క పెట్టే అధికారం రాదు. ఎడం ఎంతో తల్లి చెప్పదు, పిల్ల అడగదు, చేయి నేర్చుకొంటుంది. వాకిలిలో పెద్దముగ్గు పట్టేంత చోటు ఎంతో ఆ పిల్లకు అడుగులలో తెలియదు, ముగ్గులో తెలుసును. రేపు ఆమె తన ఇంటికి వాకిలి ఎంత విడవవలెనో చెప్పేది ఆ లెక్కతోనే. మగపిల్లవాడు కూడా ఊరకే కూర్చోలేదు. తోరణానికి మామిడాకు కోసినది, ధనుర్మాసంలో గొబ్బెమ్మలకు పేడ మోసినది, సంక్రాంతి నాడు రథముగ్గు తాడును పక్కింటి ముగ్గుకు కలిపేటప్పుడు తొక్కవద్దని చీవాట్లు తిన్నది వాడే.

బియ్యపుపిండి ముగ్గు చీమలకు ఆహారమవుతుందని పెద్దలంటారు. దానిని భూతయజ్ఞంతో పోల్చడం అతిశయోక్తి కాదు. గడప వద్ద అంతరిక్షానికి బలి విధించిన సూత్రం తెలియని ఇల్లాలు, ఆ గడప వద్దనే నిత్యం పిండి చల్లి ప్రాణులను పోషించినది. సూత్రం ఆమె వద్దకు వచ్చినదా, ఆమె ఆచారమే సూత్రకారుని వద్దకు వెళ్లినదా అనే ప్రశ్నకు హరదత్తుని వ్యాఖ్య చదివినవారు తొందరపడి సమాధానం చెప్పరు.

ఇది అగ్రహారాల మాట మాత్రమే అనుకొనరాదు. సర్వవర్ణాలవారి నుండి అన్నాడు సూత్రకారుడు. పులికాటు సరస్సుకు, సముద్రానికి నడుమ ఉన్న శ్రీహరికోట ద్వీపంలో తరతరాలుగా నివసించినవారు యానాదులు. వారి పాకలు చిన్నవి, గుండ్రనివి, శంఖువువలె పైకి మొన తేలినవి, వంగి ప్రాకవలసినంత చిన్న ద్వారం కలవి. 1909లో థర్‌స్టన్ దొర ప్రకటించిన దక్షిణభారత కులాలు తెగల గ్రంథసంపుటాలలో ఆ పాకల వర్ణన ఉన్నది. రాకెట్ కేంద్రం కోసం ద్వీపాన్ని తీసుకొన్నప్పుడు వారు అక్కడినుండి తరలవలసి వచ్చినది. 1971 అక్టోబరు 9న శ్రీహరికోట నుండి తొలి రాకెట్టు ఎగిరినది. దేశానికి అది గర్వకారణమే. కాని అడవినుండి ఏ ఆకు, ఏ కర్ర తెచ్చి, ఏ గాలికి ఏ వైపు ద్వారం పెట్టవలెనో తల్లి బిడ్డకు చూపే విద్యకు ఆ అడవియే పాఠశాల. పాఠశాల లేని విద్య ఎంతకాలం నిలుస్తుంది? 

ఈ తీరవాసుల కులదైవాలలో సూళ్లూరుపేట చెంగాళమ్మ తల్లి ప్రసిద్ధురాలు. కాళంగి నది ఒడ్డున ఉన్న ఆ సన్నిధి మొన్నటివరకు నెల్లూరు జిల్లాలోనిదే, 2022 నుండి తిరుపతి జిల్లాలో చేరినది. ఆ గర్భగృహానికి తలుపులు వేయరు. రాత్రింబవళ్లు ద్వారం తెరిచియే ఉంటుంది. తలుపు అమర్చబోగా తల్లి వద్దన్నదని స్థానికులు చెప్పుకొంటారు. ఆగమపాఠం చదివినవారికి ఇది వింతగా తోచవచ్చును, ఆలయానికి కవాటబంధనం నిత్యవిధి గదా. తుఫానుకు తలుపులు, గోడలు, కప్పులు కోల్పోయిన జనానికి మాత్రం తలుపు అవసరం లేని తల్లి ఇల్లు వింత కాదు.

తుఫానుల తరువాత, సునామీ తరువాత ప్రభుత్వమూ దాతలూ కాలనీలు కట్టించినారు. గట్టి స్లాబు, గట్టి గోడ, వరుసలు తీరిన ఒకే రూపపు ఇళ్లు. ప్రాణరక్షణకు అవి కావలసినవే, ఆ మేలును తక్కువ చేయరాదు. నేల అలికే పని తప్పినందుకు ఆ తల్లులు సంతోషించినారు కూడా. తెల్లవారకముందే పేడనీళ్లలో చేతులు ముంచి నడుము వంచిన కష్టాన్ని కవిత్వంగా మార్చి పొగడటం, ఆ పని ఏనాడూ చేయనివారికి సులభం. అయినా గమనింపదగినది ఒకటున్నది. ఇంజనీరు గీసిన పటంలో లేనివాటిని వారు తెచ్చి చేర్చుకొన్నారు. గడప లేని ద్వారం కింద సిమెంటుతో చిన్న గట్టు లేచినది, దానికి పసుపు పూత. కోట లేదు గనుక తులసి పగిలిన బిందెలో వెలసినది. గూడు లేని గోడకు మేకు కొట్టి చిన్న చెక్క అమర్చినారు, ఆ చెక్క పాత గూటి ఎత్తుననే ఉన్నది.

పట్టణపు అపార్ట్‌మెంటులో పరిస్థితి వేరు. నెల్లూరు తీరపు పిల్లలు చెన్నైలోను, హైదరాబాదులోను, సముద్రాల ఆవల కూడా ఇళ్లు కొంటున్నారు. వారి ద్వారం ఎదుట ప్లాస్టిక్ తోరణం, నేలకు అంటించిన ముగ్గు స్టిక్కరు. స్టిక్కరును చూసి చీమ రాదు. చేయి కదలని చోట చూసి నేర్చుకొనే పిల్ల కూడా ఉండదు. ఇల్లు కొనేముందు వాస్తుపండితునికి వేలు చెల్లించి దిక్కులు చూపించుకొనేవారు, ఊరిలో ఉన్న తల్లిని ఒక్కమాట అడగడం మరచిపోతున్నారు. దిక్కులు పుస్తకంలో ఉన్నవి, అవి రేపు చదువుకొన్నా దొరుకుతాయి. ఆమె వద్దనున్నది ఆమెతోనే వెళ్లిపోతుంది.

అయితే ఆమెను అడగక తప్పని ఘట్టం ఒకటి ఇంకా మిగిలియున్నది. గృహప్రవేశంలో పుణ్యాహవాచనం, వాస్తుపూజ, హోమం శాస్త్రోక్తంగా సాగుతాయి. తరువాత పాలు పొంగించవలెను. పొయ్యి ఏ వైపుకు పెట్టవలెను, పాలు ఎటు పొంగవలెను, మొదటి దీపం పుట్టింటిదా అత్తింటిదా, గడపకు ముందు పసుపా ముందు ముగ్గా అనే ప్రశ్నలు వచ్చినప్పుడు పురోహితుడు మంత్రం ఆపి "అమ్మా, మీ ఇంటి ఆనవాయితీ ఏమిటి?" అని అడుగుతాడు. గృహస్థు భార్య వంక చూస్తాడు, ఆమె అత్తగారి వంక చూస్తుంది. అత్తగారు ప్రయాణం చేయలేని వయసులో ఉంటే ఊరికి ఫోను వెళుతుంది. అవతలినుండి ముసలి గొంతు జవాబు చెప్పేవరకు అగ్నిహోత్రం ముందు అందరూ వేచి ఉంటారు.