ఒకే తీగ – రెండు పనులు

టెలివిజను కొరకు ఇంటిగోడలలో పరచిన తీగ మీదనే ఇంటర్నెట్‌ను కూడ నడిపి, దూరపు గదిలోని వైఫై పెట్టెకు అందింపవచ్చును. ఈ ఉపాయమునకు మూలము పాతది. ఆంగ్లేయుడైన ఆలివర్ హెవిసైడ్ 1880లో ఏకాక్ష కేబులుకు పేటెంటు పొందెను. ఇందు నడుమ వాహకపు తీగ, చుట్టును విద్యుద్బంధకము, ఆపైన లోహపు తొడుగు ఉండును. 1929లో అమెరికాలో ఎస్పెన్‌షీడ్, ఆఫెల్ అను ఇంజనీర్లు దీనిలో విశాలమైన పౌనఃపున్య శ్రేణిని పంపు విధానమునకు పేటెంటు కోరిరి.

2004లో ఏర్పడిన మోకా అను కంపెనీల కూటమి ఆ సూత్రమునే ఇంటిలోనికి తెచ్చెను. కేబుల్ టెలివిజను సుమారు 1,000 మెగాహెర్ట్జుల లోపున నడచును. ఇంటర్నెట్ 1,125 మొదలు 1,675 వరకు నడచును. కావున ఒకటి వేరొకదానికి అడ్డురాదు. డిష్ తీగలో మాత్రము ఉపగ్రహ సంకేతములు 950 నుండి 2,150 వరకు వచ్చును గనుక ఆ శ్రేణిలో రెండును పొసగవు. కేబుల్ తీగ ఇల్లు చేరుచోట వడపోత సాధనము తప్పక ఉంచవలెను. లేనిచో మన సంకేతము పొరుగింటికి పారవచ్చును.