మెస్ భోజనంలో ఎన్ని క్యాలరీలు? తూకం లేకుండా ఇలా లెక్కేయండి!

చిక్కడపల్లి, అశోక్ నగర్, నారాయణగూడ.. సర్కారీ కొలువుల కోసం ప్రిపేరయ్యే వాళ్లతో ఏడాదంతా కిటకిటలాడే ఏరియాలు. పొద్దున టిఫిన్ బండి, మధ్యాహ్నం మెస్, రాత్రి హాస్టల్ భోజనం. మధ్యలో సిటీ సెంట్రల్ లైబ్రరీలో గంటల తరబడి కూర్చోవడం. వంట మన చేతిలో లేదు కాబట్టి ఎంత తింటున్నామో తెలియదు. దీంతో కొందరు బరువు పెరిగిపోతారు. ఖర్చు తగ్గుతుందని ఒక పూట మానేసి నీరసపడేవాళ్లు ఇంకొందరు. ఇద్దరికీ పనికొచ్చే లెక్క ఇదీ..

రోజుకు ఎంత కావాలి?
తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ (ఎన్‌ఐఎన్) 2020లో ఇచ్చిన లెక్క ప్రకారం, ఎక్కువగా కూర్చునే ఉండే 65 కిలోల మగవారికి రోజుకు 2,110, 55 కిలోల ఆడవారికి 1,660 క్యాలరీలు కావాలి.

మెస్‌లో బోర్డు ఎందుకు ఉండదు?
మెనూలో క్యాలరీలు చూపించాలన్న ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ రూల్ 2022 జులై నుంచి అమల్లో ఉంది. కానీ అది సెంట్రల్ లైసెన్స్ ఉన్నవాటికి, 10 అంతకంటే ఎక్కువ బ్రాంచీలున్న హోటళ్లకే. ఒక్కచోట నడిచే మెస్‌కు వర్తించదు.

అన్నానికి గ్లాసు కొలత
వండిన అన్నం 100 గ్రాములకు దాదాపు 130 క్యాలరీలు. 200 మిల్లీలీటర్ల స్టీల్ గ్లాసు నిండా అన్నం అంటే సుమారు 150 గ్రాములు, అంటే 195 క్యాలరీలు. ఒక్కసారి గ్లాసుతో కొలిచి ప్లేట్లో వేసి చూస్తే చాలు, ఆ కుప్ప సైజు గుర్తుండిపోతుంది.

కనిపించనిది నూనె
ఒక టీస్పూన్ నూనె 45 క్యాలరీలు. కూర గిన్నెను కాస్త వంచండి. పక్కకు చేరే నూనె ఎన్ని స్పూన్లుంటుందో చూసి కలుపుకోండి. ఫ్రైలు నూనె పీల్చుకుంటాయి కాబట్టి వాటికి కనీసం రెండు స్పూన్లు వేసుకోవాలి.

మిగతావి సుమారుగా..
* ఇడ్లీ ఒకటి: 65
* వడ ఒకటి: 120 నుంచి 150
* పూరీ ఒకటి: 100
* పప్పు, ఒక గరిటె: 100
* పెరుగు, చిన్న కప్పు: 60
* ఉడికించిన గుడ్డు: 75
* చక్కెర వేసిన చాయ్, చిన్న కప్పు: 70

ఒక రోజు లెక్క చూద్దాం
మూడు గ్లాసుల అన్నం 585, పప్పు 100, ఫ్రై 130, సాంబారు 50, పెరుగు 60. ఒక పూట భోజనం 925 క్యాలరీలు. రాత్రీ ఇదే తింటే 1,850. పొద్దున నాలుగు ఇడ్లీ, చట్నీ కలిపి 340, మూడు చాయ్‌లు 210. మొత్తం 2,400! అతిగా తిన్నట్టు అనిపించదు కానీ అబ్బాయిలకు దాదాపు 300, అమ్మాయిలకు 700కు పైగా ఎక్కువే.

ఏం చేయాలి?
రెండు పూటలా ఒక్కో గ్లాసు అన్నం తగ్గిస్తే 390 తగ్గుతాయి. ఒక గుడ్డు కలుపుకున్నా అబ్బాయిలకు మొత్తం 2,085కే వస్తుంది, ప్రొటీన్ కూడా పెరుగుతుంది. అమ్మాయిలు ఇంకో గ్లాసు, ఒకట్రెండు చాయ్‌లు తగ్గించుకోవాలి. ఇక రాత్రి భోజనం మానేసేవాళ్లకు అందేది 1,475 మాత్రమే. ఇది ఎవరికీ సరిపోదు. కనీసం గుడ్డు, అరటిపండు, గుప్పెడు పల్లీలైనా తినాలి. ఇవన్నీ కలిపితే సుమారు 340 క్యాలరీలు.

ఈ అంచనాలో వంద, రెండొందలు అటూ ఇటూ కావచ్చు. అయితే మెస్ మెనూ వారం వారం తిరిగి వచ్చేదే కాబట్టి ఒక్క వారం రాసుకుంటే చాలు. వారానికోసారి ఒకే టైమ్‌కు బరువు చూసుకోండి. పెరుగుతుంటే ఒక గ్లాసు తగ్గించండి, తగ్గిపోతుంటే పెంచండి. షుగర్, థైరాయిడ్ ఉన్నవాళ్లు మాత్రం డాక్టర్‌ను అడిగాకే మార్పులు చేసుకోవాలి.