ఏటిగట్టు మీద సైకిళ్లు ఆగిపోయే రోజులు



మన సైకిల్ బృందం కుర్రాళ్లు మొన్న అడిగారు: "ఏటా వరదల రోజుల్లో ఏటిగట్టు మీదకి రానివ్వరేంటండీ? పైన దారి తడి కూడా అవ్వలేదు కదా!" అని. అడగదగ్గ ప్రశ్నే. యానాంలో పుట్టి గోదారి పక్కనే పెరిగినవాణ్ణి కాబట్టి నాకు తెలిసింది రాస్తున్నాను. కాస్త పొడుగవుతుంది, ఓపిక పట్టండి.

అసలు అది దారి కాదు. వరద ఊళ్లోకి రాకుండా పోసిన మట్టికట్ట. పైన చదునుగా ఉంది కాబట్టి మనం దారి చేసుకున్నాం.

ధవళేశ్వరం దగ్గర ఆర్థర్ కాటన్ ఆనకట్ట 1847లో మొదలై 1852కి పూర్తయింది. అప్పుడు మనం ఫ్రెంచివారి కింద, ధవళేశ్వరం ఇంగ్లీషువారి కింద. ఆనకట్ట ఉంటే వరద ఆగుతుందని చాలామంది అనుకుంటారు. ఆగదు. కాలవల్లోకి నీరు ఎక్కించడానికి కట్టింది అది. ఇప్పటి బ్యారేజీకి 175 గేట్లున్నాయి. పెద్ద వరదొస్తే వాటిని ఎత్తేసి, వచ్చిన నీటిని వచ్చినట్టే సముద్రంలోకి వదిలేస్తారు. 10 లక్షల క్యూసెక్కులకి మొదటి హెచ్చరిక, 13 లక్షలకి రెండోది, 17 లక్షలకి మూడోది. ఆ నీటికీ మన ఇళ్లకీ మధ్య ఉన్నది గట్టొక్కటే.

పైగా మనం సముద్రానికి దగ్గర. కడలి పోటు మీదుంటే ఏటి నీరు త్వరగా దిగదు. పౌర్ణమికి, అమావాస్యకి ఆ పోటు ఇంకా ఎక్కువ. 1986 ఆగస్టు 16న భద్రాచలం దగ్గర గోదారి 75.6 అడుగులకి చేరింది. ధవళేశ్వరంలో 35 లక్షల క్యూసెక్కులు దాటింది. శ్రావణ పౌర్ణమి 19న. 2022 జూలై 16న భద్రాచలంలో 71.3 అడుగులు. గురుపౌర్ణమి 13న. రెండుసార్లూ పెద్ద వరద పౌర్ణమి పక్కనే పడింది. 2022లో కాలనీల్లోకి నీళ్లెలా వచ్చాయో మీరే చూశారు.

86లో నేను హైస్కూల్లో ఉన్నాను. మా నాన్నగారు ముందు మా అమ్మనీ మమ్మల్నీ గట్టెక్కించారు, తర్వాత గేదెని, ఆ తర్వాత ఆయన సైకిల్‌ని. సైకిల్‌ని చెట్టుకి గొలుసేసి కట్టి, రాత్రంతా దాని పక్కనే కూర్చున్నారు. అది పోతే ఆయన పనికెలా వెళ్తారు మరి!

నీరు తీశాక కూడా కొన్నాళ్లు ఎందుకు ఆపుతారంటే, నానిన గట్టు లోపల మెత్తగా ఉంటుంది. ఎలుక కన్నాల్లోంచి, ఎండ్రకాయ బొరియల్లోంచి ఊట వస్తుంది. పైన చక్రాలు గాడి చేస్తే ఆ గాడిలో వాన నిలిచి, వాలు మీదుగా కోసుకుంటూ దిగుతుంది. ఏళ్ల తరబడి పట్టించుకోని అలాంటి కోతే ఒక రాత్రి గండి అవుతుంది. వరద రోజుల్లో ఇసుక బస్తాల బండ్లు, కాపలా మనుషులు తిరగడానికీ ఆ దారి ఖాళీగా ఉండాలి.

ఎర్రనీరు వస్తే పులస వస్తుందని మనం సంబరపడతాం. (ధర సంగతి ఇక్కడ ఎత్తను, మా ఇంట్లో గొడవవుతుంది.) కానీ తెల్లారకముందే చేపల బుట్ట, పాల క్యాను కట్టుకుని అదే గట్టు మీద సైకిల్ తొక్కేవాళ్లున్నారు. మనకి పోయేది పొద్దుటి వ్యాయామం. వాళ్లకి పోయేది ఆ రోజు కూలి. చుట్టుదారిలో వెళ్లి అమ్మకం వేళ దాటిపోయి, సగం ధరకి ఇచ్చి వచ్చినవాళ్లు మన వీధిలోనే ఉన్నారు.

కాబట్టి కుర్రాళ్లకి నా మాట ఇది: గట్టు తెరవమని అర్జీ పెట్టేముందు, వరద వారాల్లో ఆ సైకిళ్లవాళ్లకి సంఘం తరఫున ఏం చేయగలమో వచ్చే సమావేశంలో మాట్లాడదాం. మీ వీధిలో అలా గట్టు మీద వెళ్లేవాళ్లు ఎంతమందో లెక్క పట్టుకుని రండి. మా వీధి లెక్క నేను తెస్తాను.