జొన్న చేను, ఆముదం చేను, బొంబాయి రైలు

1871లో బొంబాయి రైలుమార్గం రాయచూరు దాకా వచ్చింది. మూడేళ్లకు, 1874లో, వాడి జంక్షన్ నుంచి సికింద్రాబాద్‌కు నిజాం లైను పడింది. ఆ రెండు పట్టాలూ కలిశాక తెలంగాణ మెట్ట పల్లెలు పడమటి రేవుకు దగ్గరయ్యాయి. గూడ్సు పెట్టెల్లో ఆముదాల బస్తాలు వెళ్లేవి, మూడో తరగతి పెట్టెల్లో కూలీలు వెళ్లేవారు. బస్తాలు దిగింది రేవు దగ్గరి మాండ్వీ బజారు వైపు, మనుషులు దిగింది నాగ్‌పాడా, కామాఠీపురా గల్లీల్లో.

నిజానికి మనుషుల ప్రయాణం రైలుకంటే చాలా పాతది. 1780ల్లో బొంబాయిలో హార్న్‌బీ వెల్లార్డ్ కట్ట సముద్రపు పోటును ఆపింది. దాంతో లోపలి పల్లపు నేలలు పూడ్చి ఇళ్లు కట్టుకునే వీలు కలిగింది. మట్టి మోయడానికీ రాళ్లు కొట్టడానికీ నిజాం రాజ్యం నుంచి తెలుగు కూలీలు నడిచే వెళ్లారు. 1795 ప్రాంతంలో వాళ్లు నాగ్‌పాడా పక్కన స్థిరపడ్డారు. కామాఠీలంటే వాళ్లే, కామాఠీపురాకు ఆ పేరు వచ్చింది వాళ్ల వల్లనే. ఈ పేట గురించి రాసేవాళ్లు దాని మీద పడిన ఎర్రదీపాల వాడ అన్న ముద్రను తలుచుకున్నంతగా, ఊరు కట్టిన ఈ చేతులను తలుచుకోరు. అది అన్యాయం.

వలస అనగానే కరువే కారణమనడం మనకు అలవాటు. కరువుతో పాటు పంట లెక్క కూడా ఉంది. పాలమూరు, నల్లగొండ చెలకల్లో వానాకాలం ఒక్కటే పంట. ఈ ఏడు జొన్న వేసిన చేనులో మరుసటేడు ఆముదం వేసేవారు. జొన్న వేళ్లు పైపొరలో గుబురుగా అల్లుకుంటాయి, ఆముదం తల్లివేరు లోతుకు దిగి అడుగున మిగిలిన తేమను అందుకుంటుంది. రాలిన ఆకు ఆ నేలకే ఎరువు. గానుగ ఆడించగా మిగిలిన చెక్క పశువులకు విషం, చేనుకు మాత్రం బలం. ఒక పంటను పట్టిన తెగులు చాలావరకు రెండోదానికి అంటదు. జొన్న కడుపుకు, ఆముదం చేతి ఖర్చుకు.

తొలకరికి విత్తితే మూడు నెలలు దాటాక మొదటి గెలలు ముదురుతాయి. ఆ తర్వాత నెలకో కోత చొప్పున మూడు నాలుగు కోతలు. ఈలోగా దాసరి పురుగు పడిందంటే ఆకంతా జల్లెడై ఈనెలే మిగులుతాయి. కోసిన గెలలను కళ్లంలో ఎండబెట్టి కట్టెలతో కొడితే గింజ విడివడుతుంది. ఇంటి వాడకానికి ఉంచుకున్న గింజలను ఆడవాళ్లు మంగలంలో వేయించి, రోట్లో దంచి, నీళ్లలో వేసి మరిగించేవారు. పైకి తేలిన నూనెను గంటెతో తీసి, తడి చిటపటలు ఆగేదాకా మళ్లీ కాచేవారు. అదే వంటాముదం. బాలింతకు, పసిబిడ్డ మాడుకు, దేవుడి దీపానికి అదే. చివరి కోత అయ్యాక చేను ఖాళీ, చేతులూ ఖాళీ. అప్పుడే కూలీలను కుదుర్చుకునే మేస్త్రీ బయానా పట్టుకుని వచ్చేవాడు.

పంటను మార్చి మార్చి వేసే తెలివి మెట్ట నేలలదే కాదు, మంచు దేశాలదీ. జర్మనీ, ఫ్రాన్సుల్లో గోధుమ పొలాల్లో ఆవజాతి నూనెపంటను చలికాలానికి ముందే విత్తుతారు. అమెరికాలోని కాన్సాస్, ఓక్లహోమాలలోనూ కొందరు రైతులు ఆ జాతిదే అయిన చలికాలపు కనోలాను అలాగే వేస్తున్నారు. సెప్టెంబరులో మొలిచిన మొక్క నేలకు అంటుకుని మంచును తట్టుకుంటుంది, వసంతంలో కాడ వేసి పూస్తుంది. ఏటా గోధుమే వేస్తే పేరుకునే గడ్డిజాతి కలుపు దానితో అదుపులోకి వస్తుంది. ఆ పంట కథా యంత్రాలతోనే ముడిపడింది. రెండో ప్రపంచయుద్ధంలో ఓడల ఆవిరి యంత్రాలకు కందెన కావలసి వచ్చి కెనడా ఈ సాగును పెంచింది. అక్కడి శాస్త్రవేత్త బాల్డర్ స్టెఫాన్సన్ 1974లో ‘టవర్’ రకాన్ని తెచ్చాకే అది నిశ్చింతగా వంటింటికి చేరింది. మన ఆముదమూ అంతే, మొదటి ప్రపంచయుద్ధపు విమానాల ఇంజన్లకు కందెన ఆ నూనే.

ఆ గిరాకీ బొంబాయిలో ధరగా మారేది. 1900లో అక్కడ పుట్టిన గుజరాతీ వ్యాపారీ మండలి వేరుశనగ, పత్తితో పాటు ఆముదాల మీదా వాయిదా వ్యాపారం నడిపింది. సంస్థానాల కాలంలో ఆముదం సాగులో హైదరాబాదుదే పైచేయి. అయినా ధర పలికేది బొంబాయిలో. పల్లెలో అప్పిచ్చిన షావుకారే గింజా కొనేవాడు. మాండ్వీలో రేటు పడితే పాలమూరులో బాకీ పెరిగేది, ఆ బాకీ తీర్చడానికి కొడుకు నాగ్‌పాడాకు వెళ్లేవాడు.

ఆ గల్లీల్లో కాంట్రాక్టర్లుగా ఎదిగిన తెలుగువాళ్లు రైతు గోడు మరిచిపోలేదు. జాయా కరాడీ లింగు, వెంకు బాళాజీ కాళెవార్, రామయ్య వెంకయ్య అయ్యవారు జోతిరావు ఫూలే సత్యశోధక సమాజానికి అండగా నిలిచారు. ఫూలే 1883లో రాసిన ‘శేత్కర్యాచా ఆసూడ్’ రైతు అప్పుల గురించే కాదు, వానకు కొట్టుకుపోయే సారం గురించీ, దాన్ని ఆపే గట్ల గురించీ మాట్లాడుతుంది. ఆ ఉద్యమాన్ని భుజాన వేసుకున్నవాళ్లలో మట్టిపని చేసి పైకొచ్చిన తెలుగువాళ్లు ఉండటం గర్వించదగ్గ విషయం.

ఆముదం పాలమూరును వదిలింది ఒక్కరోజులో కాదు. 1960ల చివర గుజరాత్ జీసీహెచ్-3 హైబ్రిడ్‌ను తెచ్చి, నీటి వసతితో సాగు పెంచి ముందుకు దూసుకెళ్లింది. ఇక్కడ 1987లో బూజు తెగులు గెలలను కుళ్లబెట్టింది. 2002లో బీటీ పత్తికి అనుమతి వచ్చాక చెలకలూ పత్తి కిందికి పోయాయి. పత్తి మీద పత్తి వేసిన చేలల్లో ఇప్పుడు గులాబీ రంగు పురుగు తిష్ఠ వేస్తే, పంట మార్చండని అధికారులు చెబుతున్నారు. తాతలకు ఎవరూ చెప్పనక్కరలేకపోయిన మాట అది.

విత్తనానికి లోటు లేదు. నాగర్‌కర్నూల్ జిల్లా పాలెం పరిశోధన స్థానం హరిత రకాన్నీ, పీసీహెచ్-111 హైబ్రిడ్‌నూ ఇచ్చింది. రాజేంద్రనగర్‌లో నూనెగింజల పరిశోధన సంస్థ 1977 నుంచీ పనిచేస్తోంది. కావలసింది గింజ కొనే బజారు. దేశపు ఆముదాల్లో అత్యధికం ఇప్పుడు గుజరాత్‌లోనే పండుతున్నాయి, నూనె మిల్లులూ ఎక్కువగా అక్కడే ఉన్నాయి. పత్తికి ఊరి పక్కనే జిన్నింగ్ మిల్లు ఉన్నప్పుడు, పది బస్తాల ఆముదాలు పండించిన రైతు వాటిని ఎవరికి అమ్మాలన్నది మళ్లీ పాత ప్రశ్నే.