పొగ తాగనివాళ్ళు

తెలుగులో సిగరెట్ కాల్చడాన్ని పొగ తాగడం అంటాం. మా అమ్మమ్మ తడి కట్టెల పొయ్యి ముందు కూర్చుని, ఊదుగొట్టం పట్టుకుని దగ్గుతూ ఉంటే, ఆవిడ కూడా తాగుతున్నది పొగేనని మాకెవరికీ తోచలేదు. చివరి రోజుల్లో కాళ్ళు వాచి, ఆయాసంతో ఆస్పత్రికి వెళ్తే "పొగ తాగే అలవాటుందా?" అని అడిగారు. లేదన్నాం.

ఊపిరితిత్తుల జబ్బు ముదిరి గుండె కుడివైపు దెబ్బతింటే దాన్ని కార్ పల్మొనేల్ అంటారు. శరీరమంతా తిరిగి వచ్చిన రక్తాన్ని ఊపిరితిత్తులకు పంపేది గుండెలోని కుడి గదే. ఆక్సిజన్ తగ్గితే ఊపిరితిత్తుల్లో రక్తనాళాలు ముడుచుకుంటాయని 1946లో ఆయిలర్, లిల్యెస్ట్రాండ్ పిల్లుల మీద ప్రయోగాలు చేసి చూపించారు. నాళాలు ముడుచుకుంటే ఒత్తిడి పెరుగుతుంది. ఆ ఒత్తిడికి ఎదురు తోసి తోసి కుడి గది గోడ మందమవుతుంది, చివరికి చేతులెత్తేస్తుంది. అప్పుడే కాళ్ళకు నీరు దిగుతుంది. గుండెలోకి సన్నటి గొట్టం పంపి ఈ ఒత్తిళ్ళను కొలిచే పద్ధతికి కూర్నాన్, రిచర్డ్స్, ఫోర్స్‌మన్‌లకు 1956లో నోబెల్ వచ్చింది.

జబ్బు ఎలా వస్తుందో అలా తెలిసింది. మరి ఎవరికి వస్తుంది? పాశ్చాత్య దేశాల వైద్యులకు ఎక్కువగా కనిపించిన రోగి వయసు మళ్ళిన మగవాడు, సిగరెట్లు కాల్చేవాడు.

ఢిల్లీలో లెక్క వేరుగా ఉంది. బర్మాలో పుట్టి, యుద్ధకాలంలో ఇండియాకి వచ్చేసి, ఇంగ్లండులో, అమెరికాలో చదివిన డాక్టర్ ఎస్. పద్మావతి 1953లో లేడీ హార్డింజ్ మెడికల్ కాలేజీలో చేరారు. 1959లో ఎస్.ఎన్. పాఠక్‌తో కలిసి 'సర్క్యులేషన్' పత్రికలో 127 కేసుల అధ్యయనం ప్రచురించారు. పొగ తాగేవాళ్ళలో ఎక్కువమంది మగవాళ్ళే. అయినా ఈ జబ్బు ఆడవాళ్ళనీ వదల్లేదు, పైగా వాళ్ళకి ఇంకా చిన్న వయసులోనే వస్తోంది. సిగరెట్‌తో ఈ లెక్క తేలదు. అందుకే వాళ్ళ చూపు వంటింటి మీదకి మళ్ళింది. గాలి ఆడని ఇళ్ళల్లో పిడకలు, కట్టెలు కాల్చే పొయ్యి, దాని ముందు రోజూ గంటలకొద్దీ కూర్చునే మనిషి.

127 కేసులతో ఏదీ పూర్తిగా రుజువైపోదు. కానీ ఆ తర్వాత వంటచెరకు పొగని ఇంటి సంగతి అని పక్కన పెట్టేయడం కష్టమైంది. ఆంధ్రప్రదేశ్‌లో పేద ఆడవాళ్ళకి గ్యాస్ కనెక్షన్లిచ్చే దీపం పథకం మొదలైంది 1999లో, అంటే ఈ పరిశోధన అచ్చయిన నలభై ఏళ్ళకి. పద్మావతి 2020లో, 103 ఏళ్ళ వయసులో, కోవిడ్‌తో చనిపోయారు.

నా ఉద్యోగంలో రోజూ ఫారాలు తయారుచేస్తుంటాను. ఒక గడి పెట్టేటప్పుడు, దానికి ఒప్పుకున్న జవాబులు తప్ప ఇంకేవీ లోపలికి రావని తెలుసు. అమ్మమ్మ కాగితంలో ఆ గడి దగ్గర 'లేదు' అనే ఉంటుంది. మేం అబద్ధమేం చెప్పలేదు. పొయ్యి సంగతి మాత్రం ఎవరూ అడగలేదు, మేమూ చెప్పలేదు.